హార్డ్‌డిస్కులో విభాగాల పట్టిక చెరిగిపోతే ఏం చేయాలి?



ఈ సంచికలో కంప్యూటర్ పాఠం నన్ను రాయమన్నారు. నేను చదివింది బి.కాం., చేసింది బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే ఈ పాఠంలోని తప్పు నేను స్వయంగా చేసినదే, దిద్దుకున్నదీ నేనే. పైగా ఆ తప్పువల్ల ఇబ్బంది పడబోయినవాళ్ళు మీలోనే కొందరు.

మన ట్రస్టుకు వచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులు, మార్కుల మెమోలు, ఆదాయ ధ్రువపత్రాలు, ఎవరికి ఏ విడత ఎంత చెక్కు ఇచ్చామో రాసిన రిజిస్టరు, అన్నీ స్కాన్ చేసి ఘుగ్గుస్‌లో మా ఇంట్లోని ఒక పాత కంప్యూటర్లో దాస్తున్నాను. దానికి మానిటర్ లేదు. బీరువా పక్కన ఒక మూల కూర్చుని లినక్స్ మీద నడుస్తుంది. ఇంట్లోని ల్యాప్‌టాప్, ఫోన్లు దానిలోని ఫైళ్ళను చూడగలవు. దీన్నే హోమ్ సర్వర్ అంటారు. అందులో కాగితాలన్నీ ఉన్నది 2 టీబీ డిస్కు ఒక్కటే. ఆ డిస్కును రెండు విభాగాలు చేశాను. మొదటిది ట్రస్టు కాగితాలకు, రెండోది మా ఇంటి ఫోటోలకు. వేరే నకలు ఉందా అంటే, ఉంది. ఏడాదిన్నర పాతది. అదీ నా నిర్వాకం.

రెండో విడత చెక్కులు రాయవలసిన వారం అది. ఎండాకాలం, మధ్యాహ్నం కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. సాయంత్రం తీరిక దొరికి ఒక పాత పెన్‌డ్రైవ్‌ను శుభ్రం చేద్దామనుకున్నాను. దాని మొదటి 1 ఎంబీ మీద సున్నాలు రాయమని 'డీడీ' అనే ఆదేశం ఇచ్చాను. (ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.) మా సర్వర్లో పెద్ద డిస్కు పేరు ఎప్పుడూ 'ఎస్‌డీబీ', తరువాత తగిలించే పెన్‌డ్రైవ్ పేరు 'ఎస్‌డీసీ'. అలవాటు కొద్దీ ఎస్‌డీసీ అని కొట్టాను. అయితే లినక్స్ ఈ పేర్లను డిస్కులు కనబడిన వరసలో ఇస్తుంది, అవి శాశ్వతం కావు. ఆ రోజు కరెంటు పోయి వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్ తగిలించే ఉంది కాబట్టి దానికి ఎస్‌డీబీ, పెద్ద డిస్కుకు ఎస్‌డీసీ వచ్చాయి. సున్నాలు పడింది పెద్ద డిస్కు మీద.

విచిత్రమేమిటంటే ఏమీ జరిగినట్టు తెలియలేదు. ఫైళ్ళన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. ఆ రాత్రి రెండు కొత్త దరఖాస్తులు కూడా స్కాన్ చేసి పెట్టాను. మర్నాడు పొద్దున మళ్ళీ కరెంటు పోయింది. వచ్చాక చూస్తే ట్రస్టు ఫోల్డరూ లేదు, ఫోటోల ఫోల్డరూ లేదు.

రాత్రంతా ఎందుకు కనిపించాయి? మెషీన్ మొదలయ్యేటప్పుడు లినక్స్ విభాగాల పట్టికను ఒకసారి చదివి జ్ఞాపకంలో పెట్టుకుంటుంది. ఆ తరువాత డిస్కు మీద పట్టిక చెరిగినా, మెషీన్ ఆపేదాకా జ్ఞాపకంలో ఉన్నదాంతోనే పని నడుపుతుంది. ఆ స్థితిలో 'సిస్' అనే డైరెక్టరీలో, 'బ్లాక్' కింద, ఆ డిస్కు పేరు కింద, ఒక్కో విభాగానికి 'స్టార్ట్', 'సైజ్' అని రెండు అంకెలు దొరుకుతాయి. వాటిని కాగితం మీద రాసుకుంటే చాలు, పట్టిక మళ్ళీ రాసుకోవచ్చు. కాబట్టి మీ చేత ఇలాంటి పొరపాటు జరిగిందని అప్పటికప్పుడు తెలిస్తే మెషీన్ ఆపకండి. ముందు ఆ అంకెలు రాసుకోండి. నాకు తెలిసేసరికి కరెంటువాళ్ళు నాకు ఆ అవకాశం లేకుండా చేశారు.

డిస్కు ఊడదీసి సంచీలో పెట్టుకుని చంద్రపూర్ బస్సెక్కాను. అక్కడ ఒక దుకాణంలో తమ కంప్యూటర్‌కు తగిలించారు. విండోస్‌లో 'ఈ డిస్కును ఇనిషియలైజ్ చేయాలి' అని ఒక పెట్టె వచ్చింది. ఆ అబ్బాయి 'ఓకే' నొక్కబోయాడు. "ఫార్మాట్ చేసేసి తరువాత రికవరీ సాఫ్ట్‌వేర్ నడుపుదాం" అన్నాడు. నాకెందుకో మనసు ఒప్పలేదు, డిస్కు వెనక్కి తీసుకున్నాను. నాకు తెలిసి కాదు. 1980లలో మా బ్రాంచిలో జరిగిన ఒక సంగతి గుర్తుకు వచ్చింది.

అప్పట్లో సేవింగ్స్ ఖాతాలన్నీ చేతిరాత లెడ్జర్లే. ప్రతి లెడ్జరు ముందు ఇండెక్స్ పేజీలు ఉండేవి, ఫలానా ఖాతాదారు ఫలానా ఫోలియో అని. ఒక వానాకాలం తడిసి ఒక లెడ్జరు ఇండెక్స్ పేజీలు ఊడిపోయాయి. కొత్తగా వచ్చిన ఆఫీసరు పాస్‌బుక్కులు తెప్పించి కొత్త లెడ్జరు తెరుద్దామన్నారు. మా హెడ్ క్లర్కు వద్దన్నారు. ఖాతాల పేజీలు ఎక్కడివక్కడే ఉన్నాయి కదా అని, మా ఇద్దరు జూనియర్ల చేత ఒక్కో ఆకూ తిప్పించి, ఫోలియో నంబరు, పేరు రాయించి, రాత్రి తొమ్మిదింటికల్లా ఇండెక్స్ తయారు చేయించారు. ఆ లెడ్జర్లో ఆయన ఎవరినీ కలం పెట్టనివ్వలేదు. ఇండెక్స్ వేరే కాగితం మీద రాసి, సరిచూసి, చివరికి అంటించారు.

విభాగాల పట్టిక అంటే ఆ ఇండెక్సే. డిస్కులో ఏ విభాగం ఏ సెక్టారు దగ్గర మొదలై ఏ సెక్టారు దగ్గర ముగుస్తుందో చెప్పే చిన్న చీటీ. సెక్టారు అంటే సాధారణంగా 512 బైట్ల గడి. లెక్క 0 నుంచి మొదలు.

ఇంటికి వచ్చి, మన ట్రస్టు స్కాలర్‌షిప్‌తోనే పాలిటెక్నిక్ చదివి ఇప్పుడు హైదరాబాద్‌లో సర్వర్ల పని చేస్తున్న అమ్మాయికి ఫోన్ చేశాను. సంగతంతా విని ఆమె అడిగిన మొదటి మాట, "కాకా, దాని మీద ఇంకేమన్న రాసిండ్రా?"

"లేదు బిడ్డా, దుకాణంలో రాయబోతే గుంజుకుని వచ్చిన."

"మంచి పని చేసిండ్రు. ఇప్పుడేం కొట్టకుండ్రి. ముందుగాల నకలు తియ్యుండ్రి, అసలు మీద చెయ్యి పెట్టకుండ్రి. ఎన్ని ఎంబీల మీద సున్నాలు పడ్డయి?"

"ఒక్కటే."

ఫోన్లో ఆమె నవ్వింది. ఎందుకు నవ్విందో అర్థం కావాలంటే డిస్కు మొదట్లో ఏముంటుందో చూడాలి.

పాత పద్ధతి పేరు ఎంబీఆర్. 1983లో హార్డ్‌డిస్కుతో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీ, పీసీ డాస్ 2.0 కాలం నాటిది. అందులో 0వ సెక్టారు ఒక్కటే ఆధారం. దాని 512 బైట్లలో 446 మెషీన్‌ను మొదలుపెట్టే సూచనలకు, 64 పట్టికకు, చివరి 2 గుర్తుకు. 64 బైట్లలో ఒక్కో పద్దుకు 16 చొప్పున నాలుగే పద్దులు. సెక్టారు సంఖ్యకు 32 బిట్లే ఇచ్చారు కాబట్టి 512 బైట్ల సెక్టార్లతో సుమారు 2.2 టీబీ దాటి లెక్క సాగదు. దీనికి రెండో ప్రతి లేదు. చెరిగితే చెరిగినట్టే, వెతుక్కోవలసిందే.

కొత్త పద్ధతి జీపీటీ. దీన్ని రూపొందించినవాళ్ళు బ్యాంకు పని చూసినవాళ్ళేమో అనిపిస్తుంది నాకు. 0వ సెక్టార్లో పాత సాఫ్ట్‌వేర్ పొరబడకుండా ఒక రక్షణ చీటీ, 1లో శీర్షిక, 2 నుంచి 33 వరకు 128 పద్దులకు చోటు. ఇదంతా డిస్కు చివర కూడా ఇంకొకసారి ఉంటుంది. చివరి సెక్టార్లో శీర్షిక, దాని ముందు 32 సెక్టార్లలో పద్దులు. పైగా శీర్షికకూ పద్దులకూ సీఆర్‌సీ అనే మొత్తం వేసి పెడతారు, మనం పేజీ అడుగున టోటల్ వేసినట్టు. ఒక్క అంకె మారినా మొత్తం తేలదు, పట్టిక చెడిందని తెలిసిపోతుంది.

నా డిస్కు జీపీటీదే. ఇప్పటి సాధనాలు మొదటి విభాగాన్ని 2048వ సెక్టారు దగ్గర మొదలుపెడతాయి. 2048 సెక్టార్లంటే సరిగ్గా 1 ఎంబీ (1024 లెక్కన). నేను సున్నాలు రాసింది 0 నుంచి 2047 వరకు. అంటే ముందు పట్టిక మొత్తం పోయింది, ట్రస్టు కాగితాల మీద ఒక్క బైటు కూడా పడలేదు. డిస్కు చివరి ప్రతి చెక్కుచెదరలేదు. రెండు ఎంబీలు రాసి ఉంటే ఈ పాఠం వేరేగా ఉండేది.

ధైర్యం వచ్చి, ల్యాప్‌టాప్‌లో లినక్స్ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి, డిస్కును యూఎస్‌బీ డాక్‌లో పెట్టి, 'జీడిస్క్' అనే సాధనంతో చూశాను. ఇది రాడ్ స్మిత్ అనే ఆయన రాసిన ఉచిత సాధనం. 'మైనస్ ఎల్' అని ఇస్తే చూపిస్తుందే గాని ఏమీ రాయదు. జీపీటీ లేదు అంది! వెన్నులో చలి పుట్టింది. మళ్ళీ ఫోన్.

"మొత్తం సెక్టార్లెన్ని చూపిస్తుంది కాకా?"

"48,83,78,646."

"అది ఎనిమిదో వంతు. మీ డాక్ ఒక్కో సెక్టారు 4096 బైట్లని అబద్ధం చెప్తుంది. డాక్ పక్కకు పెట్టి కంప్యూటర్ డబ్బాలనే తగిలించుండ్రి."

ఇది చాలామందికి తెలియని చిక్కు. కొన్ని డాక్‌లు, యూఎస్‌బీ పెట్టెలు డిస్కు సెక్టార్లను ఎనిమిదేసి కట్టగట్టి ఒకటిగా చూపిస్తాయి. అప్పుడు సెక్టారు నంబర్లన్నీ మారి, పట్టిక ఉన్నా ఉన్నచోట కనబడదు. కంగారులో అక్కడే కొత్త పట్టిక రాస్తే పని చెడినట్టే. డిస్కు పాడవకముందు ఎలా తగిలించి ఉండేదో, అలాగే తగిలించి చూడాలి. సర్వర్లో సాటా తీగకు తగిలించగానే 3,90,70,29,168 సెక్టార్లని చూపింది. 512తో గుణిస్తే 2 లక్షల కోట్ల బైట్లకు కాస్త ఎక్కువ, అంటే 2 టీబీ. సరిపోయింది.

తరువాత నకలు. ఇంకో 2 టీబీ డిస్కు కొన్నాను. ఖర్చు నాదే, తప్పు నాది కాబట్టి. ఆంటోనియో డియాజ్ రాసిన 'డీడీరెస్క్యూ'తో అసలును సెక్టారుకు సెక్టారు దించాను. దీని సుగుణం ఏమిటంటే ఎంతవరకు దించిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఆ ఫైలును ఈ రెండు డిస్కుల్లో కాక మూడో చోట పెట్టాలి. మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటి నుంచి సాగుతుంది. మాకు ఒకసారి పోనే పోయింది. మొత్తం ఆరు గంటలు పట్టింది. నకలు డిస్కులో సెక్టార్ల సంఖ్య కూడా అంతే ఉండేలా చూసుకోండి. పెద్ద డిస్కు మీద దించితే చివరి ప్రతి మధ్యలో ఎక్కడో పడుతుంది, జీడిస్క్ దాన్ని చివరే వెతుకుతుంది. ఆదేశంలో ముందు అసలు, తరువాత నకలు. ఈ వరస తారుమారైతే ఖాళీ డిస్కు మీ డిస్కు మీద పడుతుంది. నేను ఈసారి ఎస్‌డీబీ, ఎస్‌డీసీల జోలికి పోకుండా, డిస్కు మీద అచ్చువేసిన సీరియల్ నంబరుతో ఉండే 'బై ఐడీ' పేర్లు వాడాను.

ఇక మరమ్మతు. అసలును ఊడదీసి పక్కన పెట్టి, నకలు మీద జీడిస్క్ తెరిచాను. ఎంబీఆర్ లేదు, జీపీటీ చెడి ఉంది, ముందు శీర్షిక చెల్లదు, చివరిది బాగుంది అని చెప్పి ఒక ప్రశ్న వేసింది: 1 నొక్కితే ఉన్న జీపీటీ వాడతాను, 2 నొక్కితే ఖాళీ జీపీటీ తయారు చేస్తాను. ఇక్కడ 1 నొక్కాలి. తరువాత 'పి' నొక్కితే పట్టిక చూపింది. మొదటి విభాగం 2048 నుంచి 41,94,32,447 వరకు, రెండోది 41,94,32,448 నుంచి 3,90,70,29,134 వరకు. ఇంతవరకు అన్నీ జ్ఞాపకంలోనే, డిస్కు మీద ఏమీ రాయలేదు. 'క్యూ' నొక్కి బయటకు వచ్చేయవచ్చు.

వెంటనే రాసేయలేదు. కాగితం తీసుకుని ట్రయల్ బ్యాలెన్స్ వేశాను. ముందు వదిలినవి 2,048. మొదటి విభాగం 41,94,30,400. రెండోది 3,48,75,96,687. చివరి ప్రతికి 33. కూడితే 3,90,70,29,168. డిస్కు మొత్తానికి సరిగ్గా అంతే, ఒక్క సెక్టారు తేడా లేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు బ్యాలెన్సింగ్ రోజున మొదటిసారే తేలితే ఎంత సంతోషమో, అంత సంతోషం వేసింది.

అయితే ట్రయల్ బ్యాలెన్స్ తేలినంతమాత్రాన పద్దులు సరైనవని కాదని కామర్స్ విద్యార్థులకు తెలుసు. రెండు విభాగాల మధ్య సరిహద్దు తప్పుగా ఉన్నా కూడిక కలుస్తుంది. దానికి వేరే సాక్ష్యం కావాలి. అది విభాగం లోపలే ఉంటుంది. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో విభాగం మొదలైన 1024 బైట్ల తరువాత సూపర్‌బ్లాక్ అనే రికార్డు ఉంటుంది. అందులో తన మొత్తం బ్లాకులెన్నో అదే చెబుతుంది. బ్లాకు 4096 బైట్లు, అంటే 8 సెక్టార్లు. 'డంప్‌ఈ2ఎఫ్ఎస్'తో చూస్తే మొదటిది 5,24,28,800 బ్లాకులంది. ఎనిమిదితో గుణిస్తే 41,94,30,400, పట్టికతో కలిసింది. రెండోది 43,59,49,585 బ్లాకులు, గుణిస్తే పట్టికకన్నా 7 సెక్టార్లు తక్కువ. ఆ 7 దగ్గర కాసేపు ఆగిపోయాను. తరువాత తట్టింది, విభాగం పొడవు ఎనిమిదితో నిశ్శేషంగా భాగం కాదు. మిగిలిన 7 సెక్టార్లతో ఒక బ్లాకు కాదు కాబట్టి వదిలేసింది. తేడాకు కారణం దొరికితే అది తేడా కాదు.

అప్పుడు 'వి' నొక్కి మరోసారి పరీక్షించి, 'డబ్ల్యు' నొక్కి నకలు మీద రాశాను. విభాగాన్ని చదవడానికి మాత్రమే తెరిచాను. 'ఆర్ఓ'తో పాటు 'నోలోడ్' కూడా ఇవ్వాలి. లేకపోతే, కరెంటు పోయి ఆగిన డిస్కు కాబట్టి, తెరవగానే జర్నల్‌లో మిగిలిన పనిని పూర్తిచేస్తూ డిస్కు మీద రాస్తుంది. ముందుగా వెతికింది ఆ రాత్రి పెట్టిన రెండు దరఖాస్తుల కోసం. రెండూ ఉన్నాయి. ఒకటి బి.ఎస్సీ. నర్సింగ్ చదువుతున్న అమ్మాయిది. ఆమె ఆదాయ ధ్రువపత్రం అసలు అప్పటికే కాలేజీలో ఇచ్చేసింది, నా దగ్గరున్నదే స్కాన్. నకలంతా సరిచూసుకున్నాక అదే పని అసలు మీద చేశాను. చెక్కులు నాలుగు రోజులు ఆలస్యంగా వెళ్ళాయి. ఎందుకని ఎవరైనా అనుకుని ఉంటే, కారణం ఇదీ.

చివరి ప్రతి కూడా పోతే? ఎంబీఆర్ డిస్కులో అసలు రెండో ప్రతే లేకపోతే? అప్పుడు 'టెస్ట్‌డిస్క్' ఉంది, క్రిస్తోఫ్ గ్రెనియే రాసినది, అదీ ఉచితమే. అది మా హెడ్ క్లర్కు చేసిన పనే చేస్తుంది. డిస్కంతా వెతుకుతూ, సూపర్‌బ్లాక్ వంటి గుర్తులు ఎక్కడ కనబడితే అక్కడ ఒక విభాగం మొదలని, అందులోని బ్లాకుల సంఖ్యను బట్టి పొడవు ఇంతని రాసుకుంటుంది. ఒకప్పుడు తీసేసిన పాత విభాగాల గుర్తులు కూడా దొరుకుతాయి కాబట్టి అది చూపినవన్నీ నమ్మకూడదు. ఒకదాని మీద ఒకటి పడుతున్న వాటిని ఏరేయాలి, ఫైళ్ళు తెరిచి చూసుకోవాలి, ఆ తరువాతే రాయాలి. ఫార్మాట్ మాత్రం చేయకూడదు. పట్టిక పోతే పోయింది విభాగాల ఇండెక్స్ ఒక్కటే. ఫార్మాట్ చేస్తే ఫైళ్ళ ఇండెక్స్ ఉన్నచోట కొత్తది రాస్తుంది. డిస్కు టకటకమని శబ్దం చేస్తుంటే అది పట్టిక జబ్బు కాదు, యంత్రం జబ్బు. కరెంటు తీసేసి నిపుణుల దగ్గరకు తీసుకుపోవాలి. ఈ పాఠం దానికి పనికిరాదు.

ఇప్పుడు నేను చేస్తున్నవి: 'ఎస్‌జీడిస్క్' ఆదేశంతో పట్టికను ఫైలుగా తీసి వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. అంకెలు ప్రింటు తీసి రేషన్ కార్డు ఉన్న ఫైల్లో పెట్టాను. రెండో డిస్కు మీద ప్రతి ఆదివారం ట్రస్టు ఫోల్డరు నకలు పడుతుంది, ఆ డిస్కును ఊడదీసి మా తమ్ముడి ఇంట్లో ఉంచుతున్నాను.

మీరు చేయవలసిన అభ్యాసం: ఒక పాత పెన్‌డ్రైవ్ మీద జీడిస్క్‌తో రెండు విభాగాలు చేయండి. ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి నాలుగు ఫైళ్ళు పెట్టండి. పట్టిక అంకెలు నోటుబుక్కులో కూడి చూడండి. పేరు మూడుసార్లు సరిచూసుకుని మొదటి 1 ఎంబీ మీద సున్నాలు రాయండి. పెన్‌డ్రైవ్ తీయకముందు 'సిస్'లోని అంకెలు ఇంకా ఉన్నాయేమో చూడండి, తీసి మళ్ళీ పెట్టాక చూడండి. ఆ తరువాత పైన చెప్పిన వరసలో బాగుచేయండి. ఆదివారం సాయంత్రాలు నేను ఇంట్లోనే ఉంటాను. కుదరకపోతే పెన్‌డ్రైవ్, నోటుబుక్కు తీసుకుని రండి, కలిసి చూద్దాం. పనికొచ్చే ఫైళ్ళున్న పెన్‌డ్రైవ్ మాత్రం తేకండి.